రాజేశ్వర్ రావు గారి నీళ్ళ సినిమా

కాజీపేట,
5 ఫిబ్రవరి 1989

సుశీలక్కకు,

తమ్ముడు సాల్మన్ వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మస్కట్ దవాఖానలో నీకు రాత్రి డ్యూటీలు తప్పాయని తెలిసి సంతోషించాం. సంతోషపడటం అయిపోయింది కనుక పనిలోకి వస్తాను.

నా ఫోటో స్టూడియో చావడానికి సిద్ధంగా ఉంది. హనుమకొండలో శ్రీనివాస్ అనే ఆయన వీడియో కెమెరా తెచ్చినప్పటి నుంచి పెళ్ళివాళ్ళు నా గుమ్మంలోనే నిలబడి "వీడియో ఉన్నదా?" అని అడిగి, చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోతున్నారు. నిన్న పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినాయన కూడా అదే అడిగాడు.

ఆ శ్రీనివాస్ ఇంకొక విద్య నేర్చాడు. మనిషిని పచ్చ గుడ్డ ముందు నిలబెట్టి వీడియో తీస్తాడు. తర్వాత దాన్ని మిక్సర్ అనే పెట్టెలో వేస్తే, గుడ్డ రంగు ఎక్కడ ఉంటే అక్కడ ఆ పెట్టె వేరే దృశ్యాన్ని అతికిస్తుంది. పెళ్ళికూతురు మడికొండలో నిలబడుతుంది, టీవీలో కాశ్మీరు మంచులో కనిపిస్తుంది. మొన్న ఒక పెళ్ళికొడుకు ఆ మంచులో నిలబడి మొహం మీది చెమట తుడుచుకున్నాడు. జనం దాన్ని కూడా మెచ్చుకున్నారు. అంత మంచి జనాన్ని వదులుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

పెట్టె శ్రీనివాస్ దగ్గర కిరాయికి దొరుకుతుంది. కెమెరా మాత్రం నాకు సొంతంగా ఉండాలి. ఏది కొనాలని హైదరాబాదులో తెలిసినాయన్ని అడిగితే చాలా చెప్పాడు. ఇళ్ళల్లో వాడే కెమెరా అయినా చాలునన్నాడు గానీ గుడ్డ పనికి ఏది నప్పుతుందో, ఏది నప్పదో ఒక గంట చెప్పాడు. అదంతా రాస్తే నీకు తలనొప్పి. సారాంశం ఒక్కటే. చేతి కెమెరా కావాలి. దానంతట అది నడిచేది వద్దు. దుకాణంలో చేతి కెమెరా అని అడుగు, వాళ్ళకు అర్థమవుతుంది. దాంతో పాటు ఒక గోడకు సరిపడా మంచి పచ్చ గుడ్డ, ముడతలు పడనిది కొను. ఇక్కడి గుడ్డ ఇస్త్రీ చేసిన పూటే నలుగుతోంది.

నీ మీదే ఆశ పెట్టుకున్న
సాల్మన్


మస్కట్,
22 ఫిబ్రవరి 1989

సాల్మన్‌కు,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలలో నా ఆరోగ్యానికి ఒక వాక్యం ఇచ్చావు. కృతజ్ఞతలు.

నేనూ, నా గదిలో ఉండే మన కాజీపేట మరియమ్మా కలిసి ఇక్కడి బజారు, సూక్ అంటారు, అందులో ఒక మలయాళీ సేట్ దుకాణానికి వెళ్ళాం. ఒక కెమెరా కావాలనగానే ఆయన ఆరోగ్యం బాగాలేనివాణ్ణి పరీక్షించినట్టు మమ్మల్ని ప్రశ్నలతో పరీక్షించాడు. దేనికి, ఎవరికి, ఎండలోనా, నీడలోనా. పచ్చ గుడ్డ ముందు మనుషుల్ని నిలబెట్టే పని అని చెప్పాను. ఆయన వెంటనే లోపలికి వెళ్ళి, మేకపిల్లంత కెమెరా ఒకటి భుజాన వేసుకొచ్చాడు. దాని ఒంటి నిండా మరలు, మీటలు. "ఇదే తీసుకోండి, ఆ పనికి ఇదే సరి" అని హిందీలో చెప్పాడు.

"ఇది భుజం కెమెరా. మా తమ్ముడు చేతి కెమెరా రాశాడు" అన్నాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. నీ ఉత్తరం తీసి ఆ ముక్క చదివి వినిపించాను. నా తమ్ముడు కాజీపేటలో పేరున్న ఫోటోగ్రాఫర్ అని కూడా చెప్పాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, అరచేతిలో ఇమిడేది తెచ్చి ఇచ్చాడు. ఎంత ముద్దుగా ఉందో. గుడ్డ కూడా మంచిది దొరికింది, ఎంత నలిపినా ముడత పడదు. మరియమ్మ సెలవు మీద వస్తోంది, రెండూ ఆమె చేతికే ఇస్తున్నాను.

సమ్మమ్మ చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మనిద్దర్నీ చంకన వేసుకుని పెంచిన మనిషి గురించి నీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. నువ్వు కాజీపేటలో దుకాణం పెట్టుకుని ఉండిపోయావు, ఊళ్ళో ఆమె ఇంకా బిందె పట్టుకుని చెరువు కట్ట ఎక్కుతూనే ఉందా? ధర్మసాగర్ చెరువు నీళ్ళు మన ఊరి పక్కనుంచి పైపుల్లో వరంగల్ పోతాయి, మన ఊళ్ళో మాత్రం ఒక్క నల్లా లేదు. ఆ రాజేశ్వర్ రావు ఊరికి నల్లాలు వేయిస్తానని కాంట్రాక్టు తీసుకుని గుంతలు తవ్వించాడు కదా. పైపులు వచ్చాయా, గుంతల్లో ఇంకా పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారా?

జవాబులో మనుషుల సంగతులు కూడా ఉండాలి.

సుశీల


కాజీపేట,
14 మార్చి 1989

అక్కా,

మరియమ్మ గారు వచ్చారు. సంచిలోంచి చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టారు. అది ఆవిడ ప్రయాణంలో తిన్న అన్నం డబ్బా అనుకుని, కెమెరా ఎక్కడుందని అడిగాను.

చేతి కెమెరా అంటే చేతిలో పట్టేది కాదు. చేత్తో సరిచేసుకునేది. వెలుతురు ఎంత కావాలో, ఏ రంగు ఎలా కనిపించాలో మనమే మరలు తిప్పి నిలపాలి. దీనికి మరలు లేవు. అన్నీ తనకే తెలుసు. ఎదురుగా తెల్లచొక్కావాడు నిలబడితే వెనక గుడ్డను చీకటి చేస్తుంది. నల్లకోటువాడు నిలబడితే అదే గుడ్డను వెలిగిస్తుంది. గుడ్డ రంగు ఒక్కలాగా నిలబడకపోతే మిక్సర్ పెట్టెకు ఏది గుడ్డో ఏది మనిషో తెలియదు. ఆ సేట్ భుజాన వేసుకొచ్చిందే నాకు కావలసింది. అంత తెలిసిన మనిషికి నువ్వు నా ఉత్తరం చదివి వినిపించావు.

ఇక గుడ్డ. ముడత పడదు, నిజమే. కానీ అది పసుపు రంగు గుడ్డ. నేను అడిగింది చెట్ల ఆకుల రంగు. పోనీ చూద్దామని శ్రీనివాస్ దుకాణంలో ఒక పెళ్ళికూతురి మీద పరీక్ష చేశాను. ఆ పిల్ల ఒంటినిండా పసుపు రాసుకుని ఉంది. పెట్టె ఆ అమ్మాయిని మొత్తం తీసేసింది. చీర ఒక్కటే కాశ్మీరులో నిలబడి ఉంది. పెళ్ళికూతురి తండ్రి టీవీ వైపు చూసి, బయటికి వెళ్ళి బీడీ ముట్టించాడు.

అయినా దేవుడు దారి చూపించాడు. వరంగల్ బజారులో ఆకుపచ్చ గుడ్డ కొన్నాను. అంతకంటే పెద్ద విషయం, ఒక పెద్దమనిషి నాకొక నీళ్ళ సినిమా అప్పగించాడు. ఆయన తెల్లబట్టల్లో నిలబడతాడు, వెనక నీళ్ళు పారుతుంటాయి, చుట్టూ జనం ఆనందిస్తారు. పదిమందికీ మేలు కలిగించే కార్యం. ఇది బాగా వస్తే శ్రీనివాస్ వచ్చి నా గుమ్మంలో నిలబడతాడు. వివరాలు తర్వాత రాస్తాను.

చిన్నమ్మ బాగానే ఉంది.

తొందరలో ఉన్న
సాల్మన్


మస్కట్,
2 ఏప్రిల్ 1989

సాల్మన్‌కు,

మన ఇంట్లో పచ్చచీర అంటే ఏ రంగు చీర? కామెర్లు వచ్చినవాడి కళ్ళు పచ్చబడ్డాయంటే ఆకులు మొలిచాయని అర్థమా? ముందర 'ఆకు' అనే రెండక్షరాలు రాయడానికి నీ కలంలో సిరా అయిపోయిందా? తప్పు నాది కాదు. నేను మొత్తం దుకాణంలో ఉన్న గుడ్డల్లో అన్నిటికన్నా పచ్చనిది ఏరి తెచ్చాను.

అయినా నీ ఉత్తరం చివరి భాగం చదివాక కోపమంతా పోయింది. తెల్లబట్టలు, నీళ్ళు, చుట్టూ ఆనందించే జనం. బాప్తిస్మం అని నేరుగా రాయడానికి ఎందుకు సిగ్గుపడ్డావు? పాస్టరుగారిని గుడ్డ ముందు నిలబెట్టి వెనక యొర్దాను నది పారిస్తున్నావని మరియమ్మ వదిలిపోయిన మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే ఊహించుకున్నాను. నీకు ఇంత భక్తి ఎప్పుడు కలిగింది? శుక్రవారం మా ఫెలోషిప్ ప్రార్థన కూటంలో లేచి సాక్ష్యం చెప్పాను. అందరూ నీ కెమెరా కోసం ప్రార్థన చేశారు. నెల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. చిన్న కెమెరా కనుకనే దేవుడు దాన్ని వాడుకున్నాడని ఆవిడ అభిప్రాయం. ఆ టేపు ఒకటి పంపితే ఇక్కడ అందరికీ వేసి చూపిస్తారట. యొర్దాను కొంచెం వెడల్పుగా పెట్టు.

చిన్నమ్మ బాగానే ఉంది అన్నావు. బాగానే అంటే ఎలా? మోకాళ్ళు బాగానే ఉన్నాయా, కళ్ళా? మరియమ్మను వెళ్ళి చూసి రమ్మని చెప్పాను. నీకంటే ఆమెకే నాలుగు మాటలు ఎక్కువ వచ్చు.

నీ గురించి గర్వపడుతున్న
సుశీల


కాజీపేట,
20 ఏప్రిల్ 1989

అక్కా,

ఫెలోషిప్ వాళ్ళందరికీ నా వందనాలు చెప్పు. ప్రార్థన వృథా కాదు గానీ, కొంచెం పక్కకు తగిలింది. నది కాదు, నల్లా. పెద్దమనిషి పాస్టరు కాదు, రాజేశ్వర్ రావు గారు.

చదవడం ఆపకు. ఆయనకు ఈసారి ఎమ్మెల్యే టిక్కెట్టు వచ్చే అవకాశం ఉంది. హైదరాబాదు నుంచి పార్టీ పెద్ద ఒకాయన వస్తున్నాడు. మన ఊరికి నల్లాలు వచ్చినట్టు, ఆయన నడుమ నిలబడి మాట్లాడుతున్నట్టు ఒక సినిమా కావాలన్నారు. "నల్లాలు ఎట్లైనా వస్తయి సాల్మన్, జర ముందుగాల తీస్తానం, అంతే" అన్నారు. నేను పెళ్ళికొడుకును కాశ్మీరు పంపిస్తే తప్పు లేనప్పుడు ఊళ్ళోకి నీళ్ళు పంపిస్తే తప్పేముంది? ఇది కళ. ఊరికి వచ్చి ఎండలో నిలబడటం ఆయనకు కుదరదు కనుక హనుమకొండలో ఆయన ఇంటి వాకిట్లోనే గుడ్డ కట్టి తీశాను. రంగు చొక్కా వేసుకోమని బతిమాలాను, వాకిలి ఇరుకు, గుడ్డ దగ్గర్లో ఉంది, తెల్లచొక్కా మీద ఆకుపచ్చ నీడ పడుతుందని చెప్పాను. నాయకుడు రంగు చొక్కా వేసుకుంటే సినిమా యాక్టరనుకుంటారన్నారు.

వెనక నీళ్ళకు మన కాజీపేట స్టేషన్‌కు వెళ్ళాను. ప్లాట్‌ఫారం పక్కన రైలు పెట్టెల్లోకి నీళ్ళు పట్టే పెద్ద పైపు ఉంటుంది కదా, అది తీశాను. అంత ధార మన జిల్లాలో ఇంకెక్కడా లేదు.

శ్రీనివాస్ దుకాణంలో రెండూ కలిపాం. వాళ్ళ కలర్ టీవీ రిపేరులో ఉంది, నలుపు తెలుపు చిన్న టీవీలో చూశాను. ధార తెల్లగా, చొక్కా తెల్లగా, చాలా అందంగా ఉంది. శ్రీనివాస్ అయితే చూస్తూ చూస్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు. పోటీవాడు అంతగా సంతోషించడం నేనెప్పుడూ చూడలేదు.

వచ్చే ఆదివారం ఆయన ఇంట్లో ప్రదర్శన. మన ఊరి వాళ్ళను కూడా ట్రాక్టర్లో తెస్తున్నారు, పార్టీ పెద్దకు దండలు వేయడానికి. 

చిన్నమ్మ గురించి ఫికర్ పడే పని ఏమీ లేదు.

సాల్మన్


మస్కట్,
8 మే 1989

సాల్మన్,

మరియమ్మ నిన్న తిరిగి వచ్చింది. వచ్చి బూట్లు కూడా విప్పకముందే అడిగింది, "చిన్నమ్మ చెయ్యి మంచిగ అతుకుతదంటవా?" అని. నేను ఏ చెయ్యి అన్నాను.

మార్చి నెలలో కట్ట మీద తడిసిన రాళ్ళ మీద నుంచి బిందెతో సహా జారిందట. మణికట్టు విరిగిందట. నువ్వే దవాఖానకు తీసుకుపోయావట. పట్టీ వేయించి, నేను పంపిన పసుపు గుడ్డ చింపి మెడకు చెయ్యి కట్టావట. ఆ గుడ్డ చూసే మరియమ్మ గుర్తుపట్టింది. అది కట్టిన చేత్తోనే నువ్వు నాకు "బాగానే ఉంది" అని రాశావు. నేను రోజుకు నలభై మందికి పట్టీలు కడతాను. మా చిన్నమ్మకు ఎవరు కడుతున్నారో తెలియలేదు.

కోపం దానికొక్కదానికే కాదు. దూరాన ఉన్నదాన్ని భయపెట్టకూడదని దాచావేమో, అందరూ చేస్తారు. కానీ ఆమె చెయ్యి ఎందుకు విరిగింది? ఏ నల్లా రాక విరిగిందో ఆ నల్లానే నువ్వు వచ్చినట్టు చూపిస్తున్నావు. ఆ పార్టీ పెద్ద ఆ సినిమా చూసి, ఈ ఊరికి నీళ్ళు అందాయని రాసుకుని వెళ్ళిపోతే ఇక అక్కడ ఎవడు పైపు వేస్తాడు? పెళ్ళికొడుకు కాశ్మీరు నుంచి ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగుతాడు. చిన్నమ్మ నీ సినిమా నుంచి ఇంటికి వచ్చి కట్ట ఎక్కాలి. ఈ తేడా తెలియనివాడికి నేను కెమెరా ఎందుకు పంపానా అని ఉంది. పెద్దది పంపి ఉంటే ఇంకా బాగా అబద్ధమాడేవాడివి.

ఫెలోషిప్‌లో మళ్ళీ లేచి, యొర్దాను కాదు, కాంట్రాక్టరు అని చెప్పాల్సి వచ్చింది. నెల్లూరు ఆవిడ ఇప్పుడు నా వైపు చూడటం లేదు.

ఈ ఉత్తరం అందేసరికి ప్రదర్శన అయిపోయి ఉంటుంది. శాలువా కప్పించుకుని ఉంటావు. దాని రంగు రాయకు.

సుశీల


కాజీపేట,
25 మే 1989

అక్కా,

శాలువా కప్పలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ ఆదివారం రాజేశ్వర్ రావు గారి హాలులో పెద్ద కలర్ టీవీ పెట్టారు. పార్టీ పెద్ద సోఫాలో, మేము కుర్చీల్లో, ఊరివాళ్ళు కింద. చిన్నమ్మ కూడా వచ్చింది. ఆ చేతితో ఎందుకొచ్చావని అడిగితే, "టీవీల మనూరు వస్తదని చెప్పిండ్లు కొడుకా, నువ్వే తీసినవట గదా" అంది. నాకు ఆ క్షణంలోనే టేపు తీసుకుని పారిపోవాలనిపించింది. కానీ శ్రీనివాస్ అప్పటికే మీట నొక్కాడు.

కలర్లో చూడటం నాకూ అదే మొదటిసారి. వాకిట్లో ఎండ పెరిగినకొద్దీ నీ కెమెరా తన తెలివి చూపించింది. గుడ్డ మీది ఆకుపచ్చ నీడ ఆయన తెల్లచొక్కా మీదికి వచ్చింది. మిక్సర్ పెట్టె చొక్కాను కూడా గుడ్డే అనుకుంది. తలకాయ ఉంది. రెండు చేతులు ఉన్నాయి. మెడ కింది నుంచి నడుము దాకా మనిషి లేడు. అక్కడ స్టేషన్ పైపు ధార కడుపులోంచి ధడధడ పోతోంది. ఆ తలకాయ "ఇంటింటికీ నల్లా ఇప్పించిన, ప్రజల దాహమే నా దాహం" అని చేతులు ఊపుతోంది. వెనకాల మూలన రైలు పెట్టె ఒకటి నెమ్మదిగా కదిలింది.

కింద కూర్చున్న వాళ్ళలో ట్రాక్టర్ నడిపే యాకయ్య పక్కవాణ్ణి అడిగాడు, "మనూళ్ళకు రైలు ఎప్పుడచ్చింది?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు చిన్నమ్మ మామూలుగా, పక్కింటావిడతో చెప్పినట్టు అంది.

"మా నీళ్ళు ఏడబోతానయో అనుకున్న. గీయన కడుపులకే పోతానయ్."

ముందు నవ్వింది పార్టీ పెద్ద. పాపం ఆపుకోవాలని చూశాడు, తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయింది. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. శ్రీనివాస్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. రాజేశ్వర్ రావు గారు లేచి టీవీకి అడ్డం నిలబడ్డారు. అప్పుడు అడ్డం నిలబడ్డ మనిషికి కడుపు ఉంది, అది తేడా.

"ఏం తీసినవ్రా నువ్వు?" అని నన్ను అడిగారు.

కెమెరా ఆటోమేటిక్ అని చెప్పబోయాను. నోట్లోంచి వేరేది వచ్చింది. "ఊళ్ళె నీళ్ళు లెవ్వు సార్. స్టేషన్ల తీసిన" అన్నాను. అందరి ముందూ అన్నాను. ధైర్యం కాదు, ఎదురుగా ఆ పసుపు గుడ్డలో చెయ్యి కనిపిస్తోంది, అంతే.

దండలు వేయించుకోకుండానే పార్టీ పెద్ద వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళను ట్రాక్టర్ ఎక్కమన్నారు. ఆడవాళ్ళు ఎక్కలేదు. దాహమైతాందని వాకిట్లో నల్లా తిప్పి తాగారు. నల్లా మంచి ధారగా వస్తుంది, ధర్మసాగర్ నీళ్ళే. తాగి, మొహాలు కడుక్కుని, ఆ నల్లా వైపు చాలాసేపు చూశారు. మర్నాడు బిందెలు తీసుకుని అదే ట్రాక్టర్లో మళ్ళీ వచ్చారు. "సారు ఇంటింటికి నల్లా ఇచ్చిన అన్నడు గదా, మాకు గీ ఇంటి నల్లా ఇచ్చిండు" అని చిన్నమ్మ గేటు దగ్గర చెప్పింది. ఆ తర్వాత రోజూ వస్తున్నారు. వీధివాళ్ళు మేడల మీద నుంచి చూస్తున్నారు. రాజేశ్వర్ రావు గారు గేటుకు తాళం వేయిస్తే గేటు ముందు బిందెలు వరసగా పెట్టి కూర్చున్నారు. తాళం తీయించారు.

చిన్నమ్మ చెయ్యి దాచినందుకు నన్ను క్షమించు అని రాయను, నువ్వు క్షమించవని తెలుసు. పట్టీ మొన్న విప్పారు. వేళ్ళు ఆడుతున్నాయి, బరువు ఎత్తొద్దన్నారు. నేను రోజు విడిచి రోజు వెళ్తున్నాను. ఆమెకు కోపం లేదు. "సినిమ మంచిగనే ఉన్నది" అంటుంది. అది కోపం కంటే కష్టంగా ఉంది.

సాల్మన్


మస్కట్,
13 జూన్ 1989

సాల్మన్‌కు,

నీ ఉత్తరం వార్డులో చదివాను. చదవకూడదు. కుట్లు వేసిన మనిషి పక్కన నవ్వాను, ఆయన అరబ్బీలో ఏదో అన్నాడు. మరియమ్మకు చదివి వినిపించాను. నెల్లూరు ఆవిడకు కూడా. దేవుడు ఆ కెమెరాను నిజంగానే వాడుకున్నాడని ఆవిడ మళ్ళీ నమ్ముతోంది.

నీ మీద కోపం పోయిందని అనుకోకు. సగం పోయింది. ఆ హాలులో నిలబడి "లెవ్వు సార్" అన్నందుకు ఆ సగం.

ఒక్క కోరిక. ఊళ్ళో నల్లా వచ్చిన రోజు, అది ఎప్పుడొచ్చినా, నువ్వు అక్కడ ఉండి తియ్యి. గుడ్డ వద్దు, మిక్సర్ వద్దు. మన ఊళ్ళో, మన నీళ్ళు. చిన్నమ్మ మొహం తియ్యి. ఆ టేపు నాకు పంపు. ఇంకేదీ అడగను.

సుశీల


కాజీపేట,
17 సెప్టెంబరు 1989

అక్కా,

నల్లా వచ్చింది. ఇంటింటికీ కాదు, ఊరి నడుమ రెండు. పొద్దున ఒక గంట వస్తుంది. రాజేశ్వర్ రావు గారు వాకిట్లో బిందెల వరస భరించలేక పైపులు వేయించారు. గుంతలు ముందే ఉన్నాయి కనుక పని తొందరగా అయింది.

ప్రారంభోత్సవం పెద్దగా చేశారు. నన్ను పిలవలేదు, వీడియోకు శ్రీనివాస్‌ను పిలిచారు. రాజేశ్వర్ రావు గారు రిబ్బను కత్తిరించి నల్లా తిప్పారు. ఆ రోజు కరెంటు లేదు, పంపు నడవలేదు, నల్లాలోంచి గాలి వచ్చింది. ఆయన గాలి కింద చెయ్యి పెట్టి నవ్వుతూ నిలబడ్డారు. నీళ్ళు తర్వాత కలుపుతానని శ్రీనివాస్ చెప్పాడట. ఆయనకు టిక్కెట్టు వస్తుందో లేదో ఇంకా తేలలేదు, ఆ టేపు హైదరాబాదు పోయిందని విన్నాను.

నువ్వు అడిగిన టేపు మాత్రం లేదు. ఎందుకు లేదో రాస్తాను, తిట్టే ముందు చదువు.

అసలు నీళ్ళు అంతకు వారం ముందే వచ్చాయి, ఎవరికీ చెప్పకుండా. పైపులు పరీక్షించడానికి వదిలారు. నేను చిన్నమ్మను చూడటానికి వెళ్ళి ఉన్నాను, కెమెరా నా సంచిలోనే ఉంది. బయట ఎవరో అరిచారు. పరుగెత్తి వచ్చేసరికి నల్లాలోంచి ముందు ఎర్రటి బురద, తర్వాత తెల్లటి ధార. ఊరంతా వచ్చేసింది. బిందెలు, డబ్బాలు, ఒకావిడ అన్నం గిన్నె కడగకుండానే తెచ్చింది. నేను కెమెరా తీశాను. ఎండ బాగుంది, గుడ్డ లేదు, దాని తెలివి మొదటిసారి పనికొచ్చేలా ఉంది. చిన్నమ్మ ధార కింద బిందె పెట్టింది. అది నిండింది. ఆమె మొహం నువ్వు చూడాల్సింది. నేను మీట మీద వేలు పెట్టాను.

నిండిన బిందెను ఎడమ చేత్తో ఎత్తబోయి, ఎత్తలేక, కుడి మణికట్టు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"ఏం జూస్తానవ్ కొడుకా. అది ఆడ వెట్టి గీ బిందె వట్టు. నీళ్ళు బందయితయ్."

పెట్టాను. గంటసేపు బిందెలు మోశాను, ఆమెవీ, పక్కింటివీ, తర్వాత ఎవరివో కూడా తెలియదు. చొక్కా అంతా తడిసింది. నల్లా ఆగిపోయాక గుర్తొచ్చి చూస్తే కెమెరా అరుగు మీద ఉంది, దాని మీద ఎవరో చెంబు బోర్లించారు.

సాల్మన్